పటానికి దండ, పరిశోధకుడికి పస్తు

ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం, వచ్చింది, వెళ్లింది. గిడుగు రామమూర్తి పటాలకు దండలు పడ్డాయి. అమ్మభాష మీద ప్రసంగాలు సాగాయి. భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ చేయాలనుకునే విద్యార్థికి కావలసిన జవాబు మాత్రం ఏ వేదిక మీదా దొరకదు: నెలనెలా డబ్బు ఎవరిస్తారు, ఎంతిస్తారు?

జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక భృతి వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000. అది దక్కేది కొందరికే. మిగిలినవారికి కేంద్రీయ విశ్వవిద్యాలయాలు ఇచ్చే నాన్‌నెట్ ఫెలోషిప్ 8,000 దగ్గరే ఏళ్ల తరబడి పడి ఉంది. 2015లో దాన్నీ ఎత్తేయబోతే విద్యార్థులు ఢిల్లీలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) కార్యాలయం ముందు బైఠాయించి కాపాడుకున్నారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి ఆ మాత్రం కూడా లేదు. హైదరాబాద్‌లో గది అద్దె, మెస్ బిల్లు తెలిసినవారెవరైనా ఈ లెక్కను సమర్థించగలరా?

యంత్రాలకు మాత్రం నిధుల కొరత లేదు. 2022లో భారతీయ భాషల మధ్య యంత్రానువాదం కోసం కేంద్రం పథకం భాషిణి మొదలైంది. 2024 మార్చిలో ఇండియా ఏఐ మిషన్‌కు 10,300 కోట్లకు పైగా మంజూరయ్యాయి. కంప్యూటర్ తెలుగు నేర్వాలన్నది మా కోరిక కూడా. కానీ ‘వెళ్లలేకపోయినవాళ్లకు’ అన్న ఒక్క మాట చూడండి. వెళ్లడం, వీలుకాకపోవడం, గడిచిన కాలం, మనుషులు, చివర ఒక విభక్తి, ఇన్నీ అందులోనే ఇమిడి ఉన్నాయి. ఆ ముడి విప్పి యంత్రానికి చూపాల్సింది భాష చదివిన మనిషే. అతనికి దొరికేది ప్రాజెక్టు కాంట్రాక్టు. ప్రాజెక్టు ముగిసిన రోజున జీతం ఆగుతుంది, థీసిస్ సగంలో నిలిచిపోతుంది. భాషను కీర్తించే నోళ్లే భాష చదివేవాడి విషయంలో మూతపడటం ద్వంద్వనీతి కాక మరేమిటి?

జర్మనీ, నెదర్లాండ్స్‌లలో పరిశోధక విద్యార్థిని చాలాచోట్ల ఉద్యోగిగా తీసుకుంటారు. జీతమెంత, ఎన్నేళ్లు, పని ఎవరి దగ్గర అన్నది ప్రకటనలోనే రాస్తారు. మన నోటిఫికేషన్లలో సీట్లు, దరఖాస్తు రుసుము, చివరి తేదీ కనిపిస్తాయి. ఫెలోషిప్ సంగతి తరచు కనిపించదు. చేరాక సీనియర్లను అడిగి తెలుసుకోవాలి. ఈ సమాచారమంతా ఒకచోట పెట్టే పని ఉన్నత విద్యామండళ్లకు అసాధ్యమా?

నిధులు పరిమితం, ప్రతిభ ఉంటే జేఆర్‌ఎఫ్ వస్తుంది కదా అనేవారున్నారు. ప్రతిభను ఒక్క పరీక్షతో తూచి, తప్పినవారిని పస్తు పెట్టడం విధానం అనిపించుకోదు. భాషా సాంకేతికతకు ఇచ్చే ప్రతి ప్రాజెక్టులో కొంత సొమ్ము పూర్తికాల పీహెచ్‌డీలకు కేటాయించాలి. 8,000ను వెంటనే సవరించాలి.

గిడుగు వ్యావహారిక భాష కోసం పోరాడటంతో సరిపెట్టుకోలేదు. సవర గిరిజనుల మధ్య తిరిగి వారి భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఇవాళ సీతంపేట కొండల్లో ఓ సవర అవ్వ పక్కన కూర్చుని ఆమె పాటను రికార్డు చేసుకునే పరిశోధకురాలు బస్సు చార్జీ కూడా చేతి నుంచి పెట్టుకోవాల్సిందేనా? వచ్చే ఏడాది దండ పట్టుకుని వేదికెక్కబోయే మంత్రులు, వైస్ చాన్సలర్లు ముందుగా ఆమెకు ఆ నెల ఫెలోషిప్ అందిందో లేదో కనుక్కుని రావాలి. అందకపోతే ఆ పటాన్ని ముట్టుకోవద్దు.