గ్యాస్ పోతే చాలదు

పొట్ట ఆపరేషన్ అయిన మర్నాటి నుంచి డాక్టరు రౌండ్స్‌లో అడిగే మాట ఒకటే: ‘గ్యాస్ పోయిందా?’ నలుగురిలో అనడానికి సిగ్గుపడే విషయం కోసం అప్పుడు ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు. ఆపరేషన్ తర్వాత చిన్నపేగు సాధారణంగా ఒక రోజులో తేరుకుంటుంది. పెద్దపేగుకు రెండు మూడు రోజులు పడుతుంది. అదీ దాటితే పొట్ట ఉబ్బుతుంది, వాంతులవుతాయి, ముక్కులో గొట్టం వేయాల్సి రావచ్చు. డిశ్చార్జి వాయిదా పడుతుంది.

తప్పంతా మత్తుమందుదే అనుకుంటాం. కానీ మత్తు వదిలాక కూడా పేగులు మొరాయిస్తాయి. ఆపరేషన్‌లో పేగును కదిపినప్పుడు దాని గోడలోని మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు రెచ్చిపోయి, కొన్ని గంటల్లోనే అక్కడ వాపు తెస్తాయి. వాచిన కండరం సరిగ్గా ముడుచుకోదు. మెదడు నుంచి పొట్టదాకా దిగే వేగస్ నాడి ఒంట్లో ఇలాంటి వాపును అణచగలదని 2000లో కెవిన్ ట్రేసీ బృందం ఎలుకల్లో చూపింది. ఆ నాడికి కరెంటు ఇస్తే ఆపరేషన్ తర్వాతి పేగు స్తంభన కూడా తగ్గుతుందని 2005లో, మళ్లీ ఎలుకల్లోనే, తేలింది.

మనుషుల దగ్గరికొచ్చేసరికి లెక్క చిక్కుపడుతుంది. 2013లో హాంకాంగ్ వైద్యులు పెద్దపేగు క్యాన్సర్‌కు లాపరోస్కోపీ చేయించుకున్న 165 మందిపై చేసిన ట్రయల్ చూడండి. వేగస్‌ను నేరుగా తట్టకుండా, ఆక్యుపంక్చర్ పద్ధతిలో కాళ్లు చేతుల్లో సూదులు గుచ్చి కరెంటు పంపిన వారికి సగటున 86 గంటలకు మోషన్ అయింది. ఏ సూదీ లేనివారికి 122 గంటలు. భలే తేడా అనిపిస్తుంది కదా? ఉత్తుత్తి సూదుల గుంపులో అది దాదాపు 108 గంటలు. అంటే కలిసొచ్చిన 36 గంటల్లో 14 గంటలదాకా నకిలీ చికిత్సతోనూ వచ్చాయి. మిగిలిన 22 గంటలూ తీసిపారేసేవి కావు. కానీ నకిలీ గుంపు లేకుండా చేసిన ట్రయల్‌ను నేను నమ్మను.

మెడ మీదో, చెవి మీదో పెట్టి వేగస్‌ను తట్టే యంత్రాలపై ఇప్పటిదాకా జరిగినవి ఎక్కువగా చిన్న ప్రయోగాలే. ఈలోగా మార్ఫిన్ లాంటి మందులు పేగును బిగబట్టేస్తాయని అందరికీ తెలుసు. వాటిని తగ్గించి, త్వరగా నడిపించి, త్వరగా తినిపించే పద్ధతిని డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990లలోనే ముందుకు తెచ్చారు. రోగి మంచం దిగని వార్డులో చెవికి తీగ తగిలించి ఏం లాభం?

ఇంకో పేచీ కొలతది. గ్యాస్ పోయినా తిన్నది వాంతయితే పేగు తేరుకున్నట్టు కాదు. గట్టి ఆహారం ఇమిడి, మోషన్ కూడా అయిన సమయాన్నే లెక్కించాలని పరిశోధకులు ఇప్పుడు మొగ్గు చూపుతున్నారు. కొత్త యంత్రం గురించి ఏ వార్త వచ్చినా నేను ముందు వెతికేది ఆ అంకె కోసమే.