ఇచ్చేది పిల్లలే ఎంచుకోవాలి

క్రిస్మస్‌కి పిల్లల చేత వాళ్ల పాత బొమ్మలు పేదపిల్లలకు ఇప్పించమని ఒక వ్యాసంలో చదివాను. మంచి మాటే. కానీ విరిగినవీ, చక్రం ఊడినవీ ఏరి సంచిలో వేసేది మనమైతే మన పిల్లలకు తెలిసేది ఇల్లు సర్దడం మాత్రమే. నాలుగేళ్ల పిల్ల ఒక్క బొమ్మ తనే తీసి, కాసేపు గుండెకు హత్తుకుని, దుమ్ము తుడిచి ఇచ్చినా చాలు. మధ్యలో మనసు మార్చుకుంటే తిట్టకండి. లాక్కుంటే ఇవ్వడం మీదే కోపం పెరుగుతుంది.

శాంటాకు మూలమైన సెయింట్ నికోలస్ 4వ శతాబ్దంలో మైరా (ఇప్పటి టర్కీలోని ఊరు) బిషప్, అంటే అక్కడి క్రైస్తవ మతగురువు. ముగ్గురు పేద అమ్మాయిల పెళ్లిళ్ల కోసం రాత్రిపూట, ఎవరికీ తెలియకుండా, వాళ్లింట్లో బంగారం మూటలు పడేశాడని కథ. అది చెప్పండి పిల్లలకు, ఎంత ఇష్టంగా వింటారో! పుచ్చుకునే పిల్లల ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టడం మాత్రం వద్దు, దయచేసి.