పైపు లోపలి బొమ్మని నమ్మొచ్చా?

పైపు చుట్టూ ఎలక్ట్రోడ్లు అమర్చి, ద్రవాన్ని ముట్టుకోకుండానే లోపలి ప్రవాహాన్ని తెరమీద చూపించేదే కెపాసిటెన్స్ టోమోగ్రఫీ. దాన్ని ప్లాంట్‌లో పెట్టించాలని ఇన్‌స్ట్రుమెంటేషన్ కుర్రాడు, వద్దని సీనియర్ ఆపరేటర్.

కుర్రాడు: అన్నా, ప్రెషర్ గేజ్ ఒకచోట ఒక అంకె చెప్పి ఊరుకుంటుంది. గ్యాస్ పైన, చమురు కింద ప్రశాంతంగా పోతున్నాయా, లేక చమురు స్లగ్గులుగా, అంటే పైపు నిండా పెద్ద ముద్దలుగా వచ్చి, గ్యాస్‌నీ చమురునీ విడదీసే సెపరేటర్‌ని గుద్దబోతోందా అన్నది దానికేం తెలుసు? 12 ఎలక్ట్రోడ్లు పెట్టి ప్రతి జత మధ్యా కెపాసిటెన్స్, అంటే విద్యుత్ ఆవేశాన్ని నిలవుంచుకునే సామర్థ్యం, కొలిస్తే 66 కొలతలొస్తాయి, అదీ సెకనుకి వందలసార్లు. ఆ కెపాసిటెన్స్‌ని పెంచే గుణం, అదే పర్మిటివిటీ, గ్యాస్‌కి 1, చమురుది 2కి కాస్త అటూ ఇటూ, ఆ తేడా చాలు.

ఆపరేటర్: ఆ 66 దగ్గరే నా అనుమానం. నీ బొమ్మలో 32 వరసలు, వరసకి 32 గళ్లు. అంటే దాదాపు వెయ్యి గళ్లు, కొలతలేమో 66! మిగతాదంతా సాఫ్ట్‌వేర్ ఊహించి నింపిందేగా.

కుర్రాడు: ఉత్త ఊహ కాదన్నా, పక్కపక్క గళ్ల విలువలు ఒక్కసారిగా మారవు లాంటి షరతులు పెట్టి లెక్క తేలుస్తారు. సీటీ స్కాన్‌లో ఎక్స్‌రే తిన్నగా పోతుంది, ఇక్కడ విద్యుత్ క్షేత్రం లోపలి సరుకుని బట్టి వంగిపోతుంది కాబట్టి మసక తప్పదు. పైపు వ్యాసంలో 5 నుంచి 10 శాతం కన్నా చిన్నవి కనపడవు, ఒప్పుకుంటా.

ఆపరేటర్: గోడ దగ్గర కన్నా మధ్యలో ఇంకా మసక, అది కూడా ఒప్పుకో. పైగా కరెంటు పారే ఉప్పునీరు ఎక్కువై చమురు అందులో బొట్లుగా తేలుతుంటే నీ కెపాసిటెన్స్ చేతులెత్తేస్తుంది.

కుర్రాడు: అప్పుడు కరెంటు పంపి నిరోధాన్ని కొలిచే రెసిస్టెన్స్ టోమోగ్రఫీ వాడతాం.

ఆపరేటర్: దాని ఎలక్ట్రోడ్లు ద్రవాన్ని తాకాలి, అంటే గోడకి రంధ్రాలు! కెపాసిటెన్స్ అయినా విద్యుత్ క్షేత్రాన్ని అడ్డుకునే మన స్టీలు పైపుకి బయట అంటిస్తే లోపలికి ఏం కనిపిస్తుంది? లైను ఆపి, ఆ ముక్క కోసి, లోపల ఇన్సులేషన్ వేసిన స్పూల్, అంటే కొత్త పైపు ముక్క, బిగించాలి. ఇదేనా ముట్టుకోకుండా చూడ్డం?

కుర్రాడు: బిగించాక ప్రవాహానికైతే అడ్డం రాదుగా, పైపులో అడ్డంగా పెట్టే చిల్లు పలక, ఆ ఆరిఫిస్ ప్లేట్‌లా ప్రెషర్ తినదు. ఇప్పుడున్న, గామా కిరణాలు పంపి కొలిచే గామా మీటర్ చూపించేది ఒక్క గీత మీది సగటు సాంద్రత. దానికి రేడియోధార్మిక సీజియం-137 మూలం, లైసెన్సు, కాపలా, రేపు తీసేసేటప్పుడు ఇంకో తలనొప్పి.

ఆపరేటర్: గామాతో బాధలున్నాయి, కాదనను. కానీ రాత్రి షిఫ్టులో మసక బొమ్మ చూసి నేను వాల్వ్ తిప్పను. ఆ 66 కొలతల్లోంచి స్లగ్ వస్తోందని ముందే మోగే అలారం ఒక్కటి ఇవ్వు, చాలు. బొమ్మ తీసెయ్.

కుర్రాడు: తీసేస్తే మేనేజ్‌మెంట్ డబ్బివ్వదన్నా, వాళ్లకి నచ్చింది ఆ బొమ్మే.