మీట నొక్కేవాడికి అంత చదువెందుకు అంటున్నవారికి

పాలమూరు, నల్లగొండ వైపు వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక సందేశం తిరుగుతోంది. ఊరి గ్రూపులో వచ్చింది, బంధువుల గ్రూపులో వచ్చింది, పదో తరగతి మిత్రుల గ్రూపులోనూ వచ్చింది. సారాంశం ఇది. క్యాన్సర్‌కు రేడియేషన్ అంటే గదిలో పడుకోబెట్టి మీట నొక్కడమే. ఒక్కరోజులో అయ్యే పనికి డబ్బు కోసం 25 సార్లు తిప్పుతారు. పండుగకో పొలం పనికో మధ్యలో మానేస్తే ఆ రోజులను చివర్లో కలుపుకోవచ్చు. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకున్న మనిషి పక్కన పసిపిల్లలను పడుకోబెట్టకూడదు. జిల్లాకో యంత్రం తెచ్చి పెడితే సమస్య తీరుతుంది, నొక్కేవాడు ఎవరైనా ఒకటే. విదేశాలను చూసి టెక్నీషియన్లకు ‘అడ్వాన్స్‌డ్’ అని బిరుదు తగిలించి పెద్ద బాధ్యతలు అప్పగిస్తే, ఊళ్ల మీదికి ఇంకో రకం ఆర్‌ఎంపీలను వదిలినట్టే.

రాసినవారెవరో గానీ కోపంతో రాశారు. హైదరాబాద్‌కు తిరిగి తిరిగి అలసిపోయిన ఇంటి కోపం అది. దాన్ని నేను తప్పుపట్టను. నేనూ నల్లగొండ జిల్లా మనిషినే. హైదరాబాద్‌లో రేడియేషన్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను, అంటే సందేశంలోని ఆ మీట నొక్కేవాడిని నేనే. నా మాటల్లో పక్షపాతం వెతకదలచినవారు నిరభ్యంతరంగా వెతకవచ్చు.

పిల్లల సంగతి ముందు తేల్చాలి, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తున్నది ఆ మాటే. రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం విద్యుత్తుతో ఎక్స్‌రే కిరణాలను పుట్టిస్తుంది. యంత్రం ఆగిన క్షణానే కిరణాలూ ఆగిపోతాయి, రోగి ఒంట్లో ఏమీ మిగలదు. పాత కోబాల్ట్ యంత్రమైనా అంతే. కోబాల్ట్ ఉండేది యంత్రం తలలో, మనిషిలో కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీలో ఇరిడియం-192 అనే రేడియోధార్మిక గింజ శరీరంలోకి వెళ్తుందన్నది నిజమే. అయితే అది కొద్ది నిమిషాలు ఉండి, తీగతో పాటు తిరిగి తన పెట్టెలోకి వచ్చేస్తుంది. వచ్చిందో లేదో మీటరు పెట్టి చూసుకున్నాకే రోగిని గది దాటిస్తాం. థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియో అయోడిన్ మింగినవారు మాత్రం కొన్నాళ్లు పిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి. ఆ జాగ్రత్తను తెచ్చి అందరికీ అంటగట్టేశారు. దాని ఫలితం వసారాలో పడక, విడిగా కంచం, విడిగా చెంబు. మనవడు ఒళ్లోకి రాబోతే తానే చేత్తో దూరంగా నెట్టే నాయనమ్మలను చూశాను. అమ్మా, ఎత్తుకో, ఏమీ కాదు అని చెబితే వెంటనే నమ్మరు. మా మాట కన్నా ఫోనులో వచ్చిన మాట ముందే చేరి ఉంటుంది మరి.

డబ్బు కోసం 25 సార్లు తిప్పుతారన్నది రెండో ఆరోపణ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు బయటి నుంచి ఇచ్చే మోతాదు 45 నుంచి 50 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత). దాన్ని వారానికి ఐదు రోజుల చొప్పున దాదాపు 25 భాగాలుగా పంచి ఇస్తారు. అంతా ఒకేసారి ఇస్తే చుట్టూ ఉన్న పేగులు, మూత్రాశయం తట్టుకోలేవు. రోజుకు కొంత ఇస్తే మంచి కణాలు మర్నాటికి చాలావరకు కోలుకుంటాయి, క్యాన్సర్ కణాలకు ఆ ఓపిక తక్కువ. ఎన్ని సార్లన్నది జబ్బును బట్టి మారుతుంది. రొమ్ము క్యాన్సర్‌కు ఒకప్పుడు 25 సార్లు ఇచ్చేవారు, తర్వాత 15కు తగ్గింది. 2020లో వెలువడిన బ్రిటన్ పరిశోధన ఒకటి తగిన రోగులకు 5 సార్లతోనూ సరిపెట్టవచ్చని చూపింది. ఎముకకు పాకిన క్యాన్సర్ నొప్పికి చాలామందికి 8 గ్రే మోతాదు ఒకే ఒక్కసారి చాలు. తిప్పడమే లాభమైతే వైద్యలోకం ఇలా తగ్గించుకుంటూ ఎందుకు వస్తుంది? పైగా ఆరోగ్యశ్రీలో చెల్లింపు ప్యాకేజీ లెక్కన జరుగుతుంది. ఈ ఆరోపణ మీద ఇంతకన్నా సమయం పెట్టనక్కరలేదు.

మధ్యలో మానేసి చివర్లో కలుపుకోవడం గురించి మాత్రం చెప్పాల్సింది చాలా ఉంది. బతుకమ్మ, దసరా రోజుల్లో, కురుమూర్తి జాతరప్పుడు, పత్తి ఏరే కాలంలో మా జాబితాలో గైర్హాజరీలు పెరుగుతాయి. మానేవారికి బాధ్యత లేక కాదు, కూలి పోతుందని. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలకు పెరిగింది. అదే నెలలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమైంది. పోయిన కూలిని మాత్రం ఏ పథకమూ తెచ్చివ్వదు, తోడుగా వచ్చే కొడుకు టిక్కెట్టు కొనాల్సిందే. ఇదంతా తెలుసు. కానీ నోటి, గొంతు క్యాన్సర్లలో చికిత్స మొదలైన నాలుగో వారం ప్రాంతం నుంచి మిగిలిన క్యాన్సర్ కణాలు వేగంగా పెరగడం మొదలుపెడతాయి. చికిత్స అనుకున్నదానికన్నా ఒక్కరోజు ఆలస్యంగా ముగిస్తే జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుందని అంచనా. ఆరు రోజులు మానేసి వచ్చినవారికి చివర్లో ఆరు రోజులు ఇచ్చినంత మాత్రాన పోయింది తిరిగి రాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు బ్రాకీథెరపీతో సహా మొత్తం 8 వారాల్లో ముగించాలన్నది నియమం. తప్పిపోయిన రోజును శనివారం ఇచ్చో, ఒకే రోజు కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు ఇచ్చో భర్తీ చేయడానికి పద్ధతులున్నాయి. అది డాక్టరు, మోతాదు లెక్కలు చూసే ఫిజిసిస్టు కూర్చుని లెక్కగట్టాల్సిన పని. రోగి రెండు రోజుల ముందే చెబితే మేము ఆ లెక్క వేయించగలం. చెప్పకుండా మాయమై వారం తర్వాత వస్తే మిగిలే దారులు తక్కువ.

ఇక మీట. మీట నొక్కుతాం, నిజమే. నొక్కే ముందు జరిగేది ఒకటి చెబుతాను.

అచ్చంపేట వైపు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చే ఒక తల్లిని ఊహించుకోండి. జబ్బు గర్భాశయ ముఖద్వారంలో. కిరణాలు ఎక్కడ ఎంత పడాలో ముందే గీసుకునే ప్లాను కోసం ఆమెకు స్కాన్ తీసినప్పుడు నీళ్లు తాగించి, మూత్రాశయం నిండాక తీశారు. నిండిన మూత్రాశయం చిన్నపేగులను పైకి నెట్టి కిరణాల దారి నుంచి తప్పిస్తుంది. గర్భాశయం ఎక్కడ ఉంటుందన్నదీ దాన్ని బట్టే మారుతుంది. అందుకే రోజూ అదే స్థితిలో రావాలి. కానీ మూడు గంటలకు పైగా బస్సులో కూర్చోవాల్సిన ఆడమనిషి, దారిలో దిగే వీలు లేదని, ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది. బల్ల మీద పడుకోబెట్టి, ఒంటి మీది గుర్తులను గోడల లేజరు గీతలకు సరిచేసి, యంత్రానికే అమర్చిన స్కానర్‌తో బొమ్మ తీస్తాం. తుంటి ఎముకలు ప్లానుతో చక్కగా కలిసిపోతాయి. ఎముకలు మాత్రమే చూసేవాడు అక్కడే మీట నొక్కేస్తాడు. లోపల మూత్రాశయం ముడుచుకుపోయి ఉంటుంది, పేగులు కిందికి జారి ఉంటాయి, గర్భాశయం ప్లానులో గీసిన గీతకు అంచున ఉంటుంది. చూడడం వచ్చినవాడు ఆమెను బల్ల దింపి, అర లీటరు నీళ్లు తాగించి, ముప్పావు గంట కూర్చోబెట్టి, మళ్లీ బొమ్మ తీస్తాడు. బయట వరుసలో ఉన్నవారు విసుక్కుంటారు. మర్నాటి నుంచి ఆమె సమయాన్ని ఒక గంట వెనక్కి జరుపుతాడు, బస్సు దిగి మా దగ్గరికి వచ్చాకే నీళ్లు తాగేలా. ఆ బస్సు ప్రయాణం ఎలా ఉంటుందో తెలిసినవాడికి తట్టే ఆలోచన ఇది. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని అడగదు.

నోటి క్యాన్సర్ రోగి విషయం ఇంకోలా ఉంటుంది. ముఖానికి సరిగ్గా అతుక్కునే ప్లాస్టిక్ మాస్కు చేసి, తల కదలకుండా బల్లకు బిగిస్తాం. 33 నుంచి 35 సార్లు, ఏడు వారాల దాకా సాగే చికిత్స. నాలుగో వారానికి నోరంతా పుండై తిండి తగ్గుతుంది, దవడ లోపలికి పోతుంది, మాస్కు వదులవుతుంది. వదులైన మాస్కులో తల జరిగితే కిరణాలు లాలాజల గ్రంథుల వైపో వెన్నుపాము వైపో పక్కకు పోవచ్చు. డాక్టరు సాధారణంగా వారానికి ఒకసారి చూస్తారు. వారంలో ఐదు రోజులూ ఆ ముఖాన్ని చూసేది థెరపిస్టే. మాస్కు కింద వేలు దూరుతోందని, నిన్న ఇడ్లీ తిన్న మనిషి ఇవాళ గంజి కూడా వద్దంటున్నాడని మొదట తెలిసేది అతనికే. మళ్లీ స్కాన్ తీయాలా, గొట్టం వేసి ఆహారం ఇవ్వాలా అన్న ప్రశ్నలు అక్కడి నుంచే డాక్టరు దగ్గరికి వెళ్తాయి.

‘జిల్లాకో యంత్రం’ అన్న కోరికతో నాకు పేచీ లేదు. పది లక్షల జనాభాకు కనీసం ఒక యంత్రమన్నది తరచూ చెప్పే లెక్క. మన దేశం దానికి చాలా వెనకబడి ఉంది. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్లు, గద్వాల నుంచి దాదాపు రెండింతలు. అలంపూర్ వారికైతే కర్నూలే దగ్గర. అయితే యంత్రమొక్కటీ వస్తే సరిపోదు. మీటరు దాటిన మందంతో కాంక్రీటు గోడల గది కట్టాలి, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతులు తెచ్చుకోవాలి. రేడియేషన్ డాక్టరు, ఫిజిసిస్టు, థెరపిస్టులు ఉండాలి. మనుషులు లేకపోతే తాళం వేసిన గదిలో కోట్ల రూపాయల సామాను మిగులుతుంది. ఇంకో పొరపాటు కూడా జరుగుతోంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో జిల్లా ఆసుపత్రులన్నిటిలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని ప్రకటించారు. అవి ప్రధానంగా కీమోథెరపీ కోసం. ఇక రేడియేషన్ కూడా ఊళ్లోనే అని దాన్ని చూసి సంబరపడుతున్నవారికి ఈ సంగతి చెప్పాలి.

యంత్రం వచ్చేలోపు ఏం చేయవచ్చు? ఎముక నొప్పితో కొల్లాపూర్ నుంచి వచ్చే రైతు ప్రస్తుతం పరీక్షకు ఒకరోజు, స్కానుకు ఒకరోజు, చికిత్సకు ఇంకోరోజు రావాల్సి రావచ్చు. కెనడాలోని టొరంటోలో 1990ల నుంచే ఇలాంటి రోగులను ఒకేరోజు చూసి, స్కాన్ తీసి, ప్లాను వేసి, చికిత్స ఇచ్చి పంపే ఏర్పాటు ఉంది. అంటారియో రాష్ట్రంలో ‘క్లినికల్ స్పెషలిస్ట్ రేడియేషన్ థెరపిస్టు’ హోదాలో ఉన్నవారు ఇలాంటి సేవల్లో ముందు నిలబడతారు. రోగి కాగితాలు ముందే తెప్పించుకుని చూడడం, స్కాన్‌కు సిద్ధం చేయడం, డాక్టరు ఆమోదానికి ప్లాను హద్దుల ముసాయిదా గీయడం, ఇంటికి వెళ్లాక ఫోను చేసి నొప్పి ఎలా ఉందో కనుక్కోవడం వారి పని. దీనికి కొత్త యంత్రం అక్కరలేదు. ఉన్న మనిషికి శిక్షణ, అధికారం, ఒక ఫోను ఉంటే చాలు.

అక్కడికే సందేశంలోని ఆఖరి మాట వస్తుంది, ఆర్‌ఎంపీల భయం. ఆ పోలిక ఎలా నిలబడుతుందో నాకు అర్థం కాలేదు. ఆర్‌ఎంపీ ఒంటరిగా, తన చదువు పరిధి దాటి, ఎవరికీ జవాబు చెప్పకుండా వైద్యం చేస్తాడు. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్‌లలో పైస్థాయి థెరపిస్టు డిగ్రీ తర్వాత ఏళ్ల అనుభవం, పై చదువు, పరీక్ష దాటి వస్తాడు. ఏది తాను నిర్ణయించవచ్చో, ఏది డాక్టరుకు చెప్పాలో కాగితం మీద రాసి ఉంటుంది. రేడియేషన్ ఇవ్వాలా వద్దా, మోతాదు ఎంత అన్నది డాక్టరు చేతిలోనే ఉంటుంది. బ్రిటన్‌లో అదనపు శిక్షణ పొందిన థెరప్యూటిక్ రేడియోగ్రాఫర్లకు తమ రంగం పరిధిలో స్వయంగా మందులు రాసే అర్హత 2016లో చట్టబద్ధంగా వచ్చింది. ఇక్కడ రేపే అంత ఇవ్వమని నేను అడగను. మన దేశంలో ఆ స్థాయి పదవికి ఇంకా స్థిరమైన రూపమే లేదు. కానీ 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం మా వృత్తిని తన పరిధిలోకి తెచ్చింది. చదువుకు ప్రమాణాలు, పేర్ల నమోదు దాని కింద రావాలి. ఆర్‌ఎంపీకి లేనిది సరిగ్గా అదే.

నిజానికి రేడియేషన్ రోగి ఇవాళ ఆర్‌ఎంపీ చేతిలోనే ఉన్నాడు. శుక్రవారం చికిత్స అయ్యాక నారాయణపేట పల్లెకు వెళ్లిన మనిషికి శనివారం రాత్రి గొంతులో ముద్ద దిగడం ఆగిపోతే ఎవరి తలుపు కొడతాడు? పక్క వీధి డాక్టరు సెలైన్ ఎక్కించి, ఏదో సూది వేసి, మెడ మీద కమిలిన చర్మానికి ఏదో మలాము రాసి, ఈ కరెంటు మీకు పడదు, మానేయండి అంటాడు. సోమవారం ఆ రోగి రాడు. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో శిక్షణ పొందిన ఒక థెరపిస్టు ఉండి, హైదరాబాద్ డాక్టరుతో ఫోనులో అనుసంధానమై ఉంటే ఆ రాత్రి అడిగే ప్రశ్నలు వేరుగా ఉండేవి. జ్వరం ఉందా? నీళ్లు దిగుతున్నాయా, అవీ ఆగిపోయాయా? పొద్దుటి నుంచి మూత్రం ఎన్నిసార్లు వచ్చింది? వారంలో బరువు ఎంత తగ్గింది? నీళ్లు దిగుతుంటే ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో పుక్కిలించమని, రాసిచ్చిన నొప్పి మందును తినేముందు వేసుకోమని, సోమవారం మామూలు సమయానికే రమ్మని చెబుతాడు. నీళ్లు కూడా దిగకపోతే, జ్వరం ఉంటే, ఆదివారం దాకా ఆగకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రికి పంపించి, తానే డాక్టరుకు ఫోను చేస్తాడు.