ఏమవుతారు?

ఆసుపత్రి ఫారంలో ఒక గడి ఉంటుంది: పేషెంటుకు మీరేమవుతారు? భార్య, కొడుకు, అన్న అని రాసేవాళ్ళకు అది ఒక్క క్షణం పని. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో అద్దె, వంట, జ్వరాలు పంచుకున్న ఇద్దరు మగవాళ్ళకో, ఇద్దరు ఆడవాళ్ళకో మాత్రం అక్కడ చెయ్యి ఆగుతుంది. చివరికి ‘ఫ్రెండ్’ అని రాస్తారు. చెన్నైలో మన తెలుగు ఇళ్ళలో ఇలాంటి పిల్లలు లేరనుకుంటే మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.

2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి నిరాకరించింది. పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు న్యాయమూర్తులూ అన్నారు, చట్టం మార్చడం చట్టసభల పని అన్నారు. పెళ్ళిగా కాకపోయినా ఒక బంధంగానైనా గుర్తించాలన్న వాదన 3–2తో వీగిపోయింది. రివ్యూ పిటిషన్లను 2025 జనవరిలో కొట్టేశారు. నచ్చిన మనిషిని పెళ్ళాడే స్వేచ్ఛ, జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణలో భాగమని 2018లో కేరళ యువతి హదియా పెళ్ళి కేసులో చెప్పింది ఇదే కోర్టు. ఆ మాట ఐదేళ్ళలో అంత పలచబడటం మాకు మింగుడుపడలేదు.

కోర్టు కాదన్నంత మాత్రాన అయిపోయిందా? ఈ ఊరి చరిత్ర అలా చెప్పదు. పురోహితుడు, హోమం లేకుండా పెరియార్ ఉద్యమం జరిపించిన ఆత్మగౌరవ వివాహాలు చెల్లవని 1950ల్లో మద్రాసు హైకోర్టు తేల్చింది. అన్నాదురై ప్రభుత్వం 1967లో హిందూ వివాహ చట్టానికి 7-ఎ సెక్షన్ చేర్చి వాటిని చెల్లేలా చేసింది, అంతకుముందు జరిగినవాటితో సహా. నలుగురి ఎదుట భార్యాభర్తలమని తమకు తెలిసిన భాషలో చెప్పుకుంటే చాలు. దండలు మార్చుకున్నా, ఉంగరం తొడిగినా, తాళి కట్టినా సరే. (తెలుగులో చెప్పుకున్నా చెల్లుతుంది. మనవాళ్ళలో ఈ సంగతి ఎందరికి తెలుసో!)

అంటే పెళ్ళికి ప్రాణం తంతులో లేదు, ఇద్దరి ఒప్పుకోలులో ఉందని ఇక్కడి శాసనసభ ఆనాడే ఒప్పుకుంది. అలాంటప్పుడు ఆ ఇద్దరూ ఆడా మగా అయి తీరాలనడానికి వేరే కారణం చూపాలి. సంతానమే కారణమైతే, అరవై దాటిన జంటను రిజిస్ట్రార్ వెనక్కి పంపడే! ఇక ఆచారం. మేనమామతో పెళ్ళి అంటే ఉత్తరాదివాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. అయినా ఆచారం ఉన్నచోట అలాంటి పెళ్ళికి హిందూ వివాహ చట్టమే దారి వదిలింది. మనకు దొరికిన ఆ వెసులుబాటు పక్కవాళ్ళకు దక్కకూడదనడం ఏం న్యాయం?

ఒక్క అభ్యంతరం మాత్రం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. భర్త, భార్య అన్న మాటల స్థానంలో ‘వ్యక్తి’ అని పెట్టేస్తే ఆడవాళ్ళ కోసం పెట్టిన రక్షణలు బలహీనపడతాయని జస్టిస్ రవీంద్ర భట్ తన తీర్పులో హెచ్చరించారు. నిజమే. అందుకే ఉన్న మాటల్ని చెరిపేయకుండా, 1967లో లాగా కొత్త సెక్షన్ చేర్చాలి. రాయడం కష్టమని హక్కునే ఆపేస్తే ఎలా?

పెళ్ళి, విడాకులు ఉమ్మడి జాబితాలోని అంశాలు. రాష్ట్రం చట్టం చేయొచ్చు, కాకపోతే కేంద్ర చట్టాన్ని మార్చాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. అది ఇప్పట్లో వస్తుందన్న భ్రమ మాకు లేదు. ఈలోగా చేయగలిగింది ఇంకొకటి ఉంది. ఇలాంటి జంటలు తమ బంధాన్ని దస్తావేజుగా రాసుకుని రిజిస్టరు చేయించుకునే ఏర్పాటు ఆలోచించమని 2023లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ రాష్ట్రానికి సూచించారు. ఈ విషయంలో తన అపోహలు పోగొట్టుకోవడానికి 2021లో స్వయంగా సైకాలజిస్టు ముందు కూర్చున్న న్యాయమూర్తి ఆయన. అంత నిజాయితీ మన నాయకుల్లో ఎక్కడ చూస్తాం! పెళ్ళి లేకపోయినా కుటుంబం ఏర్పడుతుందని 2025 మేలో అదే హైకోర్టు ఇంకో కేసులో చెప్పింది.

ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవొచ్చు, భాగస్వామిని నామినీగా పెట్టొచ్చు అని కేంద్రం 2024లో స్పష్టం చేసింది. మంచిదే. కానీ బ్యాంకు నామినీ డబ్బు అందుకుంటాడు గానీ వారసుడు కాడు. వీలునామా లేకుండా ఒకరు పోతే, ఎన్నేళ్ళు కలిసి బతికినా రెండోవాళ్ళకు వారసత్వ చట్టం పైసా ఇవ్వదు. దస్తావేజు బిల్లు శాసనసభలో పెట్టేటప్పుడు వైద్యానికి సమ్మతి, అంత్యక్రియలు, అద్దె ఇల్లు, ఈ మూడింటినైనా అందులో పేరుపేరునా రాయాలని మా డిమాండ్.