చిన్నవాళ్లు చిన్నగానే ఉండాలి: ఒక నిపుణుడి విన్నపం

నేను చిన్న పరిశ్రమల అభివృద్ధి నిపుణుణ్ణి. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఈ ఇరవై ఏళ్లలో ఒక్క కుట్టుమిషనూ కొనలేదు, ఒక్క వస్తువూ అమ్మలేదు, ఒక్క మనిషికీ జీతం ఇవ్వలేదు. అందుకే నా సలహాల్లో స్వార్థం ఉండదు.

ఈమధ్య కొందరు కుర్రవాళ్లు ఒక అమర్యాదకరమైన ప్రశ్న వేస్తున్నారు. ఇన్ని పథకాలు, ఇన్ని సదస్సులు నడుస్తున్నా చిన్న సంస్థలు ఇంకా చిన్నగానే ఉన్నాయేమిటని. పొరపాటు ప్రశ్నలోనే ఉంది. అవన్నీ ఎదిగిపోతే మేం ప్రోత్సహించేది ఎవర్ని? ఈ విషయంలో భారతదేశం చూపిన ముందుచూపు మరువరానిది. 1967లో కొన్ని వస్తువుల తయారీని చిన్న పరిశ్రమలకే కేటాయించారు. ఆ జాబితా ఒక దశలో 800 దాటింది. యంత్రాల మీద పెట్టుబడి ఫలానా గీత దాటిందా, మీరిక చిన్నవారు కారు, ఆ రక్షణా మీకుండదు. మిషను కొనాలంటే భయపడే పారిశ్రామికవేత్తను తయారుచేయడం మాటలా! చివరి 20 వస్తువులనూ 2015లో జాబితాలోంచి తీసేశారు. నాకు ఆ రోజు మనసు మనసులో లేదు.

అసలు ఈ రంగానికి పేరు స్థిరపడిందే మా పుణ్యాన. 1972లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కెన్యా మీద ఒక నివేదిక ఇచ్చింది. ఆరుబయట రేకులు కొట్టేవాళ్లు, బండ్లు బాగుచేసేవాళ్లు, చెక్క పనివాళ్లు అందరూ కలిసి 'అనధికారిక రంగం', అంటే సర్కారు రికార్డులకెక్కని పనుల రంగం, అని లోకానికి తెలిసింది అప్పుడే. వాళ్లను అక్కడి జనం జువా కాలి అంటారు. స్వాహిలీలో మండుటెండ అని అర్థం. నెత్తిన కప్పు లేక ఎండలో పనిచేసేవాళ్లు కాబట్టి ఎండే వాళ్ల పేరయింది. మేం దాన్ని మార్చి పెద్దమనుషుల పేరు పెట్టాం. నీడ ఏదీ అని మీరు అడగొచ్చు. పేరంటూ లేకపోతే నీడకు టెండరు ఎవరి పేరిట పిలవాలి? అదే సంస్థ 2018లో మళ్లీ లెక్క తీస్తే ప్రపంచంలో 200 కోట్ల మంది, అంటే పనిచేసేవాళ్లలో 60 శాతానికి పైగా, ఈ రంగంలోనే తేలారు. పదిమందిలో ఆరుగురు ఒకలా బతుకుతుంటే మామూలు మనిషి దాన్ని పద్ధతి అంటాడు. పద్ధతి లేనిది అనడానికే మాలాంటి చదువుకున్నవాళ్లు కావాలి.

ఇక అనుమతులు. 1980లలో పెరూ రాజధాని లిమాలో ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో బృందం ఒక తుంటరి పని చేసింది. ఓ చిన్న బట్టల కార్ఖానా పెడుతున్నామని, చట్టప్రకారం దరఖాస్తు చేసుకుని, ఆఫీసుల చుట్టూ తిరిగి చూసింది. అన్ని కాగితాలూ చేతికి రావడానికి 289 రోజులు పట్టింది. పదిసార్లు లంచం అడిగారట. రెండుసార్లు ఇవ్వక తప్పలేదట. నవమాసాలు మోసి, మీద ఇంకో వారం పైగా మోస్తే పుట్టింది ఒక కార్ఖానా. అదీ కాగితం మీదే.

ఈ కథ విని ప్రపంచం చలించింది. చలించి, అనుమతులన్నీ ఒకేచోట ఇస్తామంటూ సింగిల్ విండో పెట్టింది. కిటికీ ఒక్కటే గానీ, దాని వెనక గదులు పాతవే, గదుల్లో మనుషులూ పాతవాళ్లే. ఒకప్పుడు మీ చెప్పులు అరిగేవి, ఇప్పుడు మీ కాగితం చెప్పుల్లేకుండా తిరుగుతుంది. తర్వాత ప్రపంచ బ్యాంకు ఏ దేశంలో వ్యాపారం ఎంత సులువో చెబుతూ ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. మా స్వర్ణయుగం అది. పాఠం చదవడం కంటే పరీక్షకు తయారవడం తేలికని దేశాలు ఇట్టే పసిగట్టాయి. ఆ పరీక్షకు కోచింగ్ ఇచ్చి నేనూ నాలుగు దేశాలు తిరిగాను. మార్కుల జాబితాలోనే అవకతవకలు జరిగాయని తేలి 2021లో ఆ ర్యాంకుల్ని ఎత్తేశారు. నా సర్టిఫికెట్టు మాత్రం ఇంకా గోడకే ఉంది.

అప్పుల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మా పరువు కాస్త పోయింది. 2005ను ఐక్యరాజ్యసమితి సూక్ష్మరుణ సంవత్సరం అంది, అంటే పేదలకిచ్చే చిన్న అప్పుల సంవత్సరం. మరుసటి ఏడాదే బంగ్లాదేశ్‌లో అలాంటి అప్పులిచ్చిన ముహమ్మద్ యూనస్‌కూ, గ్రామీణ్ బ్యాంకుకూ నోబెల్ శాంతి బహుమతి. పేదరికం మ్యూజియంలో చేరడమే తరువాయి అనుకున్నాం. మొరాకో నుంచి మంగోలియా దాకా ఆరు దేశాల్లో ఈ అప్పుల మీద జరిగిన అధ్యయనాలు 2015లో ఒక్కచోట అచ్చయ్యాయి. మేలు కొంత ఉంది గానీ బతుకులు మారిపోయేంత లేదు అన్నారు. మిషను ఇంటికి చేరేలోపే మొదటి వాయిదా గుమ్మంలో కూర్చుంటే ఏం మారుతుంది? కోల్‌కతాలో కొందరికి రెండు నెలలు వాయిదా ఆపి చూస్తే వాళ్లు వ్యాపారంలో ఎక్కువ పెట్టారు, మూడేళ్లకు లాభాలూ పెరిగాయి. ఎగవేతలూ పెరిగాయి. మేం రెండోది మాత్రం గుర్తుపెట్టుకున్నాం.

సమ్మిళిత అభివృద్ధి అంటే ఏమిటని చాలామంది అడుగుతారు. వేదిక మీద ఒక చిన్న వ్యాపారిని కూర్చోబెట్టడం. ఆడమనిషి అయితే మరీ మంచిది. 2017 నుంచి జూన్ 27 సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల దినోత్సవం కదా, అలాంటి ఒక సభలో భోజనాలకు ముందు మూడు నిమిషాలు మిగిలితే బట్టలు కుట్టించే ఒకావిడకు మైకు ఇచ్చాం. పథకాలకు ధన్యవాదాలు చెబుతుందనుకున్నాం. "కుట్టిచ్చిన సరుకు డబ్బులు ఎప్పుడొస్తాయండీ?" అంది. ఆరు నెలలైందట. సరుకు తీసుకున్నది ఓ పెద్ద కంపెనీ. ఆ కంపెనీ వాళ్లే సభకు భోజనాలు పెట్టించారు.

అధ్యక్షులవారు వెంటనే తేరుకుని, ఇబ్బంది ఉంటే రుణం తీసుకోవచ్చమ్మా అన్నారు. అప్పుడే నాకు ఈ వ్యవస్థ అందం పూర్తిగా అర్థమైంది. ఆమె ఆ కంపెనీకి ఆరు నెలలుగా వడ్డీ లేని అప్పు ఇస్తోంది. ఆ లోటు పూడ్చుకోవడానికి మేం ఆమెకు వడ్డీకి అప్పు ఇప్పిస్తున్నాం. దానికి హామీగా ఇల్లు అడుగుతున్నాం. ఇల్లు ఆమె పేరిట లేదు. ఇంతమందిని ఇంత చక్కగా కలిపి ఉంచేది మరొకటి చూపించండి!

చట్టాలు లేవని కాదు. భారతదేశంలో 2006 నుంచీ ఉంది: చిన్న సంస్థకు 45 రోజుల్లోపు చెల్లించాలి, లేదంటే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఇంత ఘాటైన చట్టం ఎందుకు వాడుకోరని ఆమెనే అడిగాను. "వాడుకోవచ్చండీ, ఒక్కసారి" అంది. కేసు వేసినవాళ్లకు రెండో ఆర్డరు ఎవరిస్తారు?

ఆ ప్రశ్న నన్ను కలచివేసింది. చెల్లింపుల్లో జాప్యం మీద 140 పేజీల నివేదిక రాసి ఒక కార్యాలయానికి సమర్పించాను. చాలా బాగుందన్నారు. నా ఫీజు బిల్లు పెట్టి పదకొండు నెలలైంది. ఫైలు కదులుతోందట. ఎటు అన్నది అడగలేదు. మళ్లీ నివేదిక రాయించుకునేది వాళ్లే కదా.

మొన్న అక్కడి గుమాస్తా జాలిపడి ఒక దరఖాస్తు చేతిలో పెట్టాడు. "మీలాంటివాళ్ల కోసమే సార్, చిన్న సంస్థలకు కొత్త పథకం." తిరగేసి చూస్తే నేను రూపొందించిన ఫారమే. ఇంటికొచ్చి నింపడానికి కూర్చున్నాను. సిబ్బంది సంఖ్య అన్న గడిలో 'ఒకరు' అని రాశాను. దాని పక్కన, గత ఏడాది చెల్లించిన జీతం అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది.