పాటలు మూడు చరణాలకు మించరాదు

మునుగోడు నియోజకవర్గంలోని మా ఊరి చర్చిలో ఇకమీదట మూడు చరణాలు దాటిన పాట పాడకూడదని కోరుతూ సంఘ పెద్దలకు ఒక విన్నపం రాశాను. ఇది భక్తి విషయం కాదు, శాంతిభద్రతల విషయం. రాసేముందు మూడు రోజులు ఉపవాసం ఉందామనుకున్నాను. ఒక పూట ఉన్నాను.

సంగతేమిటంటే, మా బావ దగ్గర కీర్తనల పుస్తకం ఉంది, మా తమ్ముడి దగ్గర కళ్లద్దాలున్నాయి. బావకు చత్వారం, అయినా అద్దాలు కొనుక్కోడు. తమ్ముడు పుస్తకం కొన్న పాపాన పోలేదు. అందుకని పక్కపక్క కుర్చీల్లో కూర్చునేవారు. తమ్ముడు లైను చూసి చెవిలో అందిస్తే, బావ అందుకుని పైన రేకులు అదిరేలా పాడేవాడు.

2022 ఆగస్టులో మా ఎమ్మెల్యే కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి పదవికీ, కాంగ్రెస్‌కూ రాజీనామా చేసి బీజేపీలో చేరారు. మనిషిని చూసి పోవాలంటూ బావ ఆయన వెంట వెళ్లాడు. పార్టీ కన్నతల్లి అంటూ తమ్ముడు ఉన్నచోటే ఉన్నాడు. నవంబర్ 3న ఉపఎన్నిక, బరిలో 47 మంది. 6న లెక్కింపు, అదీ ఆదివారం. ఆరాధనలో అందరూ ఫోన్లలోకి తలలు వంచి ఉంటే, బైబిల్ యాప్ చూస్తున్నారనుకుని అయ్యగారు మురిసిపోయారు. చూస్తున్నది రౌండ్లు. చివరికి టీఆర్ఎస్ పదివేల పైచిలుకు ఓట్లతో గెలిచింది.

అంటే మా ఇంట్లో ఇద్దరూ ఓడిపోయారు. కలిసి ఏడిస్తే సరిపోయేది. కానీ ఎవరి వల్ల ఓడిపోయామో తేలాలి కదా. మరుసటి ఆదివారం తమ్ముడి కుర్చీ రెండు వరసలు వెనక్కి పోయింది.

2023 అక్టోబర్‌లో రాజగోపాల్ రెడ్డి తిరిగి కాంగ్రెస్‌లోకి వచ్చి, డిసెంబర్‌లో గెలిచారు. బావ కూడా వచ్చాడు. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే పార్టీ, ఒకే ఎమ్మెల్యే, ఒకే దేవుడు. మధ్యలో మా అక్క కూడా ఒక్కతే. సిద్ధాంత బలం లేనివాళ్లయితే అక్కడితో కలిసిపోయేవారు. మావాళ్లు అంత తేలికైన మనుషులు కారు. ఇప్పుడు తగాదా పాత కాంగ్రెస్సా, కొత్త కాంగ్రెస్సా అని.

బావ తప్పిపోయిన కుమారుడి కథ తీశాడు. "తిరిగొచ్చినోనికి కొవ్విన దూడను కోసిన్రు. ఇంటికాడున్నోడే అలిగిండు" అని నాతో అన్నాడు, తమ్ముడికి వినపడేట్టు. తమ్ముడు కూడా నాతోనే అన్నాడు: "గా కొడుకు తప్పు ఒప్పుకుంట వచ్చిండని చెప్పన్నా. డీజే పెట్టుకొని రాలే."

నేను ఎవరినీ తప్పుపట్టను. మా జిల్లా గాలిలోనే ఉంది ఇది. 1952లో కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వేసి పంపిన నల్లగొండ మాది. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినపడాలని పార్లమెంటుకు వందలమంది పోటీకి దిగితే, బరిలో 480 మంది తేలి, బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. వాళ్లు నీళ్ల కోసం నిలబడ్డారు. మావాళ్లు కుర్చీ జరిపింది దేనికోసమో ఇంకా తెలియదు. నీదే పార్టీ అని నన్ను మాత్రం అడక్కండి, నా కుర్చీ కూడా జరపాల్సి వస్తుంది.

మొదటి సంఘంలోనే ఈ విషయంలో జాగ్రత్త పడలేదని నా అభిప్రాయం. యేసు శిష్యులు పన్నెండుమందిలో మత్తయి రోము ప్రభుత్వం నీడన పన్నులు వసూలు చేసిన సుంకరి. జెలోతే అనబడిన సీమోను పేరులోనే ఆ ప్రభుత్వమంటే మంట ఉంది. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు! కనీసం రెండు వరసలైనా ఎడం పెట్టాల్సింది.

ప్రభు బల్ల ఆదివారం అయ్యగారు ఇద్దరినీ చూస్తూనే, అర్పణ అక్కడే విడిచి ముందు నీ సహోదరునితో సమాధానపడమన్న వాక్యం చదివారు. బయటికొచ్చాక తమ్ముడు తేల్చేశాడు: "సహోదరుడని రాసుంది. బావ అని లేదు."

క్రిస్మస్‌కు అక్క మా మేనల్లుడి చేత అరిసెల డబ్బా పంపింది. అవి కొత్త కాంగ్రెస్ ఇంటి నూనెలో వేగినవే. తమ్ముడు ఐదు తిన్నాడు, డబ్బా కడగకుండా పంపాడు. దాన్ని నిరసనగా నమోదు చేయాలట.

ఇక అసలు బాధితుడు ఆ మేనల్లుడే, ఆరో తరగతి. ఒక చరణానికి మామ దగ్గర కళ్లద్దాలు తీసుకుని తండ్రికిస్తాడు. తర్వాతి చరణానికి అద్దాలూ, పుస్తకమూ మోసుకెళ్లి మామకిస్తాడు. మూడు చరణాల వరకు ఓర్చుకుంటాడు. పోయిన ఆదివారం అయ్యగారు ఎనిమిది చరణాల పాట ఎత్తుకున్నారు. ఐదో చరణానికి వాడు నడిమధ్య చాప మీద కూలబడ్డాడు.

"నాతోని కాదు మామా, నువ్వే రా."

పాట ఆగింది. ఫ్యాను చప్పుడొక్కటే వినిపిస్తోంది. తమ్ముడు లేవలేదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే, కుర్చీని ఒక వరస ముందుకు జరిపాడు.

ఇంకో వరస ఉంది. మూడు చరణాలు కూడా ఉన్నాయి. విన్నపం నా జేబులోనే ఉంచుకున్నాను.